సేప కింద ఎర్రగీత

మా మేనకోడలు శిరీషకి ఈ ఏడాది టీచరు ఉద్యోగం వచ్చింది. నాలాగే తెలుగు. ఆర్డరు చేతికొచ్చిన రోజు సాయంత్రం స్వీటు పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చి, కాళ్లకి దండం పెట్టి, కూర్చోకుండానే అడిగింది. "అత్తా, ఆ ట్యాబులూ ప్యానెళ్లూ మీ బళ్లో అందరికన్నా ముందు నువ్వే వాడేవంట గదా. ఏటి సెయ్యాలో, ఏటి సెయ్యకూడదో రాసియ్యి. నానూ, నాతో జాయినవుతన్న పిల్లలూ సదూకుంటాం."

రాస్తానన్నాను. కానీ రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఒకే పిల్ల గుర్తొచ్చి లేచిపోయేదాన్ని. పోయిన నెల ఆ పిల్లని మళ్లీ చూశాను. ఇంక రాయకపోతే నాకు నిద్ర పట్టదు కాబట్టి రాస్తున్నాను. నాకొచ్చిన శాలువాలు, సర్టిఫికెట్ల గురించి ఇందులో ఏమీ ఉండదు. అవి బీరువాలో ఉన్నాయి, కావలసినవాళ్లు వచ్చి చూసుకోవచ్చు.

బోటు మీద పాఠం

ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పాను. చివరి పదకొండేళ్లూ హార్బరుకి దగ్గర్లో, వేటకెళ్లే వాళ్ల పిల్లలు చదువుకునే హైస్కూల్లో. మా ఆయనది స్టీల్ ప్లాంటు ఉద్యోగం, మాది ఉక్కునగరంలో క్వార్టరు. పొద్దున్నే రెండు బస్సులు మారి బడికి చేరేదాన్ని. బస్సు దిగగానే ఎండుచేపల వాసన ముక్కుకి కొట్టేది. మొదటి ఏడాది కొంగు అడ్డం పెట్టుకున్నాను. రెండో ఏడాదికి ఆ వాసన రాకపోతే స్టాపు దాటిపోయిందేమోనని కంగారుపడేదాన్ని.

నేను సెల్‌ఫోన్లనీ కంప్యూటర్లనీ తిట్టే టీచరుని కాదు. ఆ మాట ముందే చెప్పాలి. మా బడికి పెద్ద టీవీలాంటి ప్యానెల్ వచ్చినప్పుడు తోటివాళ్లు దానికి గుడ్డ కప్పి పసుపూ కుంకుమా పెట్టి ఊరుకుంటే, నేను సెలవు రోజుల్లో వెళ్లి నేర్చుకున్నాను. ఓ రోజు దాని మీద పద్యాన్ని రెండు వేళ్లతో లాగి అక్షరాలు పెద్దవి చేశాను. వెనక బెంచీలో ఓ అమ్మాయి "మేడమ్, ఉంచండి, ఇప్పుడు అవుపడతన్నాది" అంది. మూడేళ్లుగా ఆ పిల్లని మొద్దు అనుకున్నాను. దానికి చూపు ఆనదని నాకు ఆ రోజే తెలిసింది. కళ్లజోడు వచ్చాక క్లాసులో మూడో ర్యాంకు. అలాంటి సాయం చేసిన వస్తువుని నేను ఎందుకు తిడతాను?

కరోనాలో బడి మూశారు. వీడియో క్లాసు పెడితే నలభై మందిలో ఆరుగురు కనపడేవారు. మిగతా ఇళ్లలో ఉన్నది ఒకటే ఫోను, అది నాన్నతో పాటు సముద్రం మీదకి వెళ్లిపోయేది. పది రోజులు, ఒక్కోసారి పదిహేను రోజులు తిరిగిరాదు. అందుకని పాఠాన్ని పది నిమిషాల ఆడియోగా చదివి వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టాను. ఒడ్డున సిగ్నల్ ఉండగా దించుకుంటే ఎప్పుడైనా వినొచ్చు. పిల్లలు కూడా జవాబులు రాయక్కర్లేదు, మాట్లాడి పంపండి అన్నాను.

ఏడో తరగతి పిల్ల ఒకతె, నూకరత్నం, పంపిన జవాబు ఇది. నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"మేడమ్, నాను నూకరత్నాన్ని. మీ పాటం మా అయ్య బోటు మీద ఎట్టేడంట. ఎనిమిది మందీ వల లాగడం ఆపీసి ఇన్నారంట. మరి సేపలు పడ్డాయా అయ్యా అంటే, నాలుగు కవళ్లు తప్ప ఏటీ పళ్లేదన్నాడు. మీ పాటం ఇని సేపలన్నీ బడికెళిపోయాయంట మేడమ్."

చివర్లో ఓ నవ్వు. వెనకాల ఎవరో ముసలావిడ కసురుకోవడం. నేను వంటింట్లో నిలబడి దాన్ని నాలుగుసార్లు విన్నాను. మా ఆయనకి వినిపించాను. అప్పటినుంచి వారానికి రెండు మూడు పంపేది. గాలి తిరిగితే పెద్దవాళ్లు ఎలా పసిగడతారు, కానాగంత చేపలు పడితే ఇంట్లో ఎవరు ముందు నవ్వుతారు, వాళ్ల నానమ్మ బేరం ఎలా ఆడుతుంది, అన్నీ. ముప్పై ఏళ్లలో అంత బాగా కథ చెప్పే పిల్లని నేను చూడలేదు. ఇది కాలేజీకి వెళ్లాలి, తెలుగు చదవాలి, నా కుర్చీలో ఇది కూర్చోవాలి అని గట్టిగా అనుకున్నాను. బడి తెరిచాక దానితో ఆ మాట కూడా అన్నాను. అది సిగ్గుపడి జడ చివర నోట్లో పెట్టుకుంది.

రుషికొండలో భోజనం

బడి తెరిచేసరికి పిల్లలు చదవడం మర్చిపోయారని అందరికీ బెంగ. చదువు పరీక్షించే యాప్ ఒకటి వచ్చింది. పిల్ల ట్యాబు పట్టుకుని తెర మీది పేరా పైకి చదవాలి. యాప్ వింటుంది. సరిగ్గా పలికిన మాట ఆకుపచ్చ అవుతుంది, తప్పు పలికితే దాని కింద ఎర్రగీత పడుతుంది. ఆఖర్న పిల్ల పేరు పక్కన ఒక రంగు. ఆ రంగులన్నీ పైవాళ్ల తెర మీద కనపడతాయి.

స్కూలుకి ఒకరి చొప్పున రుషికొండలో ఓ ఆఫీసులో ట్రైనింగు ఇచ్చారు. మా బడి నుంచి నేను వెళ్లాను. అద్దాల గది, కిటికీలోంచి సముద్రం. మధ్యాహ్నం భోజనం బ్రహ్మాండంగా పెట్టారు. ఆ తరవాత క్లాసులో నేను సగం విన్నాను, సగం కునికాను. ఈ ఒప్పుకోలు ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మర్నాడు బళ్లో, పిల్లల రంగులు చూసుకోవడానికి నా ఫోనులో కూడా ఆ యాప్ ఎక్కించబోతే స్థలం చాలదంది. ఏం తీసెయ్యాలో అదే వరస పెట్టి చూపించింది. ఫోటోలు ముట్టుకోబుద్ధి కాలేదు, మా మనవరాలివి ఉన్నాయి. ఆడియోలు అని ఉన్న చోట టిక్కు పెట్టి నొక్కాను. హెడ్మాస్టరు గారు పక్కనే నిలబడి తొందరపెడుతున్నారు. రెండు నిమిషాల్లో యాప్ వచ్చేసింది.

రెడ్డు

మొదటి పేరా ఓ చేప కథ. ఓ చిన్నచేప, దాని తల్లిచేప, ఏరు. చేప అన్న మాట అందులో ఏడుసార్లు వస్తుంది. మా పిల్లలు ఊపిరి ఆపకుండా గడగడా చదివారు. చదివిన వాళ్లలో మూడొంతుల మందికి చేప కింద ఎర్రగీత పడింది. వాళ్లు "సేప" అన్నారు మరి. చెట్టు సెట్టు అయింది, చిన్న సిన్న అయింది. నానమ్మ వలలు బాగుచేసే చోట, నాన్న బోటు కట్టే చోట, పుట్టిన దగ్గర్నుంచి విన్న మాట అది. పొద్దున్న లేస్తే చేపల మధ్య తిరిగే పిల్లలకి చేప చదవడం రాదని యాప్ తేల్చింది.

ఆ రోజు నాకు నవ్వొచ్చి ఉంటే బాగుండేది. రాలేదు. యాప్ అన్నది నిజమే అనిపించింది. ఎందుకనిపించిందో చెబుతాను. నేను నాగావళి అవతల పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టాను. మా ఇంట్లో అందరం నాను, ఏటి, సేత్తన్నావ్ అనే మాట్లాడుకునేవాళ్లం. టీచరు ట్రైనింగులో మొదటి పాఠం చెప్పిన రోజు మా లెక్చరరు నన్ను ఆపి, "నాను అంటే ఏమిటమ్మా, తినే వస్తువా?" అన్నారు. అరవై మంది నవ్వారు. హాస్టలు బాత్రూములో కూర్చుని నేను, నేను, నేను అని అనుకున్నాను. ఆ తరవాత ఉక్కునగరం కాపరం. పక్క క్వార్టర్లలో అన్ని జిల్లాల వాళ్లూ. నా మాట ఎవరూ పట్టుకోలేనంత శుభ్రంగా తయారయింది. అది నా ఘనతే అనుకున్నాను. కాబట్టి యాప్ గీసిన గీతలో నాకు తప్పు కనపడలేదు. మా లెక్చరరు చెప్పిందే అదీ చెబుతోంది, పైగా నవ్వకుండా చెబుతోంది అనుకున్నాను.

మా హెడ్మాస్టరు గారు మంచివారు. పిల్లలకి పుస్తకాలు సొంతంగా కొన్న మనిషి. కానీ మీటింగులో తన బడి పేరు ఎర్రగా కనపడుతుందంటే ఆయనకి కాళ్లు చల్లబడేవి. నెల తిరిగేసరికి ఎరుపు తగ్గాలి మేడమ్ అన్నారు. తగ్గిస్తానన్నాను.

అప్పటికి ఎనిమిదిలో ఉన్న నూకరత్నానికి కూడా ఎరుపే. నా పిల్లకి ఎరుపేమిటని పౌరుషమొచ్చింది నాకు. దాన్ని ముందు బెంచీలోకి మార్చాను. రోజూ పది నిమిషాలు. నాలుక అంగిలికి ఆనించు, చ అను, చేప అను, చెట్టు అను. ఒక్కొక్క మాటకైతే వచ్చేది, పేరాలో పడగానే పోయేది. కథలో మునిగితే దాని నోరు దాని ఇంటికి వెళ్లిపోయేది. అప్పుడు నాకో తెలివైన ఆలోచన వచ్చింది. ట్యాబుని పెద్ద ప్యానెల్‌కి కలిపాను. దాని చదువు క్లాసంతా చూస్తే దానికే పట్టుదల వస్తుంది అనుకున్నాను.

నిలబడి చదివింది. అది చదువుతుంటే గోడంత తెర మీద ఒక్కో మాటా ఆకుపచ్చ అవుతూ, చేప దగ్గర టక్కున ఎర్రగీత. ఏడుసార్లు. మూడోసారికి పిల్లలు గీత పడకముందే "రెడ్డు" అని అరవడం మొదలుపెట్టారు. అరిచినవాళ్లందరూ సేప అనేవాళ్లే. నేను ఊరుకోండి అన్నాను. దాని చదువు మాత్రం ఆపలేదు, పేరా పూర్తయ్యేదాకా చదివించాను. మధ్యలో ఆపితే పిల్ల నీరుగారిపోతుందనుకున్నాను. ఆ రోజు నేను చేసిన తప్పుల్లో ఇంతకన్నా పెద్దది లేదు.

మర్నాటి నుంచి దాని పేరు రెడ్డు. వారం తిరక్కుండా దాని గొంతు తగ్గింది. యాప్ "వినపడలేదు, మళ్లీ చదవండి" అని రాసేది. మళ్లీ చదివితే ఇంకా సన్నగా. చివరికి పెదాలు మాత్రమే కదిలేవి. క్లాసులో ఏదైనా అడిగితే తల ఊపేది. కథ చెప్పవే అంటే నేల చూసేది. నేను అలక అనుకున్నాను.

స్థలం చాలలేదు

తొమ్మిదిలో చేరింది కానీ దసరా సెలవుల తరవాత రాలేదు. రెండు వారాలు చూసి ఇంటికి వెళ్లాను. వాళ్ల నానమ్మ గుమ్మం ముందు నెత్తళ్లు ఎండబెడుతోంది. నన్ను చూసి లేచి, చెయ్యి కడుక్కుని, కుర్చీ తెచ్చి వేసింది. ఆవిడ ముఖంలో కోపమేమైనా ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. కోపం లేదు. పిల్ల బళ్లో మాట్లాడటం ఎప్పుడో మానేసింది, ఇప్పుడు అసలు రావడమే లేదు, ఎందుకని అడిగాను.

"బళ్లో మాటాడ్డం మానీసిందని మీరంతన్నారు టీచరమ్మా," అంది. "ఇంటికాడా అంతే. ఇదివరకు ఆగమంటే ఆగీది కాదు. ఇప్పుడు నీల్లు కావాలన్నా సరే, ముందు మాట నోట్లో తిప్పుకుంటన్నాది. నోట్లోనే సదివీసి, అప్పుడు సిన్నగా అంతన్నాది. మాటాడ్డానికి బయమేటి తల్లీ, మనింట్లో మనకి?"

నూకరత్నం లోపల తలుపు పక్కనే ఉంది. పిలిస్తే వచ్చి నిలబడింది. బడికి రా అమ్మా, నిన్ను ఇంక ట్యాబు ముందు కూర్చోబెట్టను అన్నాను. పెదాలు మాత్రం కదిపింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది, నా ఫోనులో దాని గొంతు ఉంది కదా. సేపలన్నీ బడికెళిపోయాయన్న ఆ నవ్వు వినిపిస్తే చాలు, ఇదిగో ఇది నువ్వు, నాకు కావలసింది ఈ పిల్లే అని చెప్పొచ్చు. ఫోను తీసి వెతికాను. పైకీ కిందకీ జరిపాను. లేవు. ఒక్కటి కూడా లేదు. ఆ యాప్‌కి చోటు చెయ్యడానికి వాటిని తీసేసింది నా వేలే.

వాళ్ల నాన్న ఫోనులో ఉంటాయేమోనని అడిగాను. ఆ ఫోను నీళ్లలో పడిపోయిందట.

కుర్చీలో కూర్చుని ఏడ్చేశాను. ఆ ముసలావిడ ఏదో పోయిందేమోనని నన్ను ఓదార్చింది. ఏం పోయిందో ఆవిడకి చెప్పలేకపోయాను. పిల్ల బడికి రాలేదు. ఆ తరవాత ఇంకో మూడుసార్లు వెళ్లాను. మూడోసారి వెళ్లేసరికి ఎండుచేపల షెడ్డులో పనికి పోతోందన్నారు.

బటన్

ఆ వారమే రుషికొండ ఆఫీసుకి ఫోను చేశాను. ట్రైనింగు ఇచ్చిన కుర్రాడే తీశాడు. మీ యాప్‌కి మా పిల్లల మాట అర్థం కావడం లేదు అని కోప్పడ్డాను. అతను గొడవపడలేదు. "నిజమే మేడమ్, దానికి ఆ యాస తెలీదు. అందుకే ప్రతి పేరా పక్కన బటన్ పెట్టాం కదా. టీచరు విని, పిల్ల మాట సరైనదే అనిపిస్తే గీత తీసెయ్యొచ్చు. ఆ రోజు భోజనాల తరవాత చూపించాను," అన్నాడు.

ఉంది. చెవి బొమ్మతో చిన్న బటన్. నేను రోజూ చూస్తున్న తెర మీదే, కుడి పక్క మూల. అది నొక్కితే పిల్ల చదివింది మళ్లీ వినపడుతుంది, గీత తీసెయ్యాలా అని అడుగుతుంది. ఎన్ని నెలలు ఆ తెర చూశానో లెక్క లేదు, ఒక్కసారీ నొక్కలేదు. చాలామందికి ఆ బటన్ గురించి తెలియలేదన్నది ఒక సాకు. తెలిసినా నేను నొక్కేదాన్ని కాదు, అసలు సంగతి అది. సేప తప్పు అని యాప్ కన్నా ముందు నేను నమ్మాను.

మిగిలిన పిల్లలందరివీ కూర్చుని విన్నాను. స్టాఫ్ రూములో అందరూ వెళ్లాక, బస్సు టైము దాకా, ఒక్కొక్కరినీ. అన్నీ చక్కగా చదివిన చదువులే. గీతలు తీస్తూ పోయాను. నూకరత్నంది కూడా ఉంది, ప్యానెల్ మీద చదివించిన రోజుది. అందులో దాని గొంతు కంటే "రెడ్డు" అన్న అరుపులే ఎక్కువ. గీతలు తీశాను. దాని పేరు పక్కన రంగు మారింది. ఆ నెల మీటింగులో హెడ్మాస్టరు గారు తల ఎత్తుకుని కూర్చున్నారు. మా బడిని మెచ్చుకున్నారని వచ్చి నాకు చెప్పారు.

శిరీషా, నువ్వు అడిగినదానికి నా దగ్గర ఉన్న జవాబు ఇంతే. ట్యాబు వాడు, ప్యానెల్ వాడు, ఏది వస్తే అది వాడు, భయపడకు. కానీ పిల్ల చదివిందో లేదో తేల్చే పని దానికి అప్పగించకు, అది నీ చెవి పని. ఒక పిల్ల తప్పుని గోడంత చేసి ఎప్పుడూ చూపించకు. ట్రైనింగులో భోజనం కాస్త తక్కువ తిను. నీ నోట నాను అని వచ్చినప్పుడల్లా దిద్దాను కదా చిన్నప్పటి నుంచీ, అది కూడా మర్చిపో.

ద్వారకా నగర్‌లో

పోయిన నెల శిరీష తన సర్టిఫికెట్లు వెనక్కి తెచ్చుకోవాలంటే ద్వారకా నగర్‌లో అది చదివిన కోచింగ్ సెంటరుకి తోడు వెళ్లాను. శిరీష లోపల ఆఫీసులోకి వెళ్లింది. నేను ముందు గదిలో కూర్చున్నాను. కౌంటర్లో ఓ అమ్మాయి చెవికి ఫోను పెట్టుకుని పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడుతోంది. చక్కటి మాట. ఎక్కడా తొట్రుపాటు లేదు. పాఠం చెబుతున్నట్టుంది. ఫోను పెట్టేసి జడ చివర నోట్లో పెట్టుకుని ఏదో రాసుకుంది. అప్పుడు గుర్తుపట్టాను. బ్యాడ్జి మీద రత్న అని మాత్రమే ఉంది.

నన్ను చూసి లేచి వచ్చింది. పద్దెనిమిది నిండాయట. షెడ్డు పని చేస్తూనే ఓపెన్ స్కూల్లో పది కట్టి పాసయిందట, ఇంటర్ కూడా కడుతుందట. నానమ్మ పోయిందని చెప్పింది. తెలుగు చదువుతావా అని అడగబోయి ఊరుకున్నాను.

"మేము మాట్లాడేవన్నీ రికార్డవుతాయి మేడమ్," అంది. "ఎంత స్పష్టంగా మాట్లాడామో సాయంత్రానికి కంప్యూటరే రంగులు వేస్తుంది. నాకు ఇంతవరకూ ఎరుపు పడలేదు." నవ్వింది. ఆ ఆడియోలోని నవ్వు కాదు, కౌంటర్ నవ్వు. తరవాత గొంతు తగ్గించి, ఎనిమిదో తరగతి పిల్లలా అడిగింది.

"చేప, చెట్టు... ఇప్పుడు సరిగ్గా వస్తోంది కదా మేడమ్?"

అప్పుడూ సరిగ్గానే వచ్చింది తల్లీ, నాను తప్పు సేసేను అని చెప్పాలి. దాని మాటలోనే చెప్పాలి, మా అమ్మ మాట కూడా అదే. నోరు తెరిచాను. మాట నోట్లో ఒకసారి తిరిగింది.

"నేను తప్పు చేశానమ్మా," అన్నాను.

ఏం తప్పు మేడమ్ అనబోతుంటే కౌంటర్ మీద ఫోను మోగింది, అది పరుగెత్తింది. నేను ఆ కుర్చీలోనే ఉండిపోయాను. ఆ మూడు ముక్కలూ పుస్తకంలో ఉన్నట్టే వచ్చాయి. ఏ యాప్‌కి వినిపించినా వాటిలో ఒక్క అక్షరం కిందా ఎర్రగీత పడదు.